గృహ విజ్ఞాన బోధనపై పరిశోధన: ఏ పద్ధతి ఎవరికి కుదురుతుంది?

గృహ విజ్ఞానం బోధించే ఉపాధ్యాయుల మీద పరిశోధన మొదలుపెట్టేవారు ముందుగా ఒక లెక్క చూసుకోవాలి. గణితానికో భాషకో ఒక బడిలో నలుగురైదుగురు ఉపాధ్యాయులు ఉండవచ్చు. గృహ విజ్ఞానానికి సాధారణంగా ఒక్కరే ఉంటారు. కొన్నిచోట్ల ఆ ఒక్కరే రెండు బడులు చూసుకుంటారు. పద్ధతిని ఎంచుకునేటప్పుడు ఈ చిన్న వాస్తవానికి ఉన్నంత బరువు మరి దేనికీ లేదు. ఎంత నమూనా దొరుకుతుంది, పోలికకు రెండో తరగతి ఉంటుందా, పాల్గొన్నవారి పేరు దాచగలమా అన్నవన్నీ చివరికి దీని దగ్గరికే వస్తాయి. పరిశోధనా పద్ధతుల పాఠ్యపుస్తకాలు మాత్రం, కావలసినంత మంది ఎప్పుడూ అందుబాటులో ఉంటారన్నట్టే రాస్తాయి.

మన ముందున్న దారులు కొత్తవేమీ కావు: ప్రశ్నావళి, ముఖాముఖి, తరగతి పరిశీలన, బోధనలో మార్పు తెచ్చి ఫలితం చూడడం, పత్రాల అధ్యయనం, సాహిత్య సమీక్ష. నా మొగ్గు ఎటో ఇప్పుడే చెబుతాను. ఒంటరిగా, గడువు పెట్టుకుని పనిచేసే పరిశోధకులు కొద్దిమంది ఉపాధ్యాయుల తరగతుల్లో కూర్చుని, చూసినదాని గురించి వారితోనే మాట్లాడడం మేలు. ఈ జోడీ కుదరని సందర్భాలూ ఉన్నాయి. వాటి సంగతి ఎక్కడికక్కడ చెబుతాను.

ముందు ప్రశ్న ఏ రకానిదో తేల్చుకోండి

ఈ రంగంలో ప్రశ్నలను వేరుచేసుకోవడానికి 1979లో అమెరికన్ గృహ విజ్ఞాన పండితులు మార్జొరీ బ్రౌన్, బియాట్రిస్ పావొలూచి చూపిన దారి ఇప్పటికీ పనికొస్తుంది. జర్మన్ తత్వవేత్త హాబర్మాస్ ఆలోచనల ఆధారంగా వారు కుటుంబం చేసే పనులను మూడు తీరులుగా చూశారు. మొదటిది ఒక పనిని సాధించే సాంకేతిక చర్య. రెండోది ఒకరినొకరు అర్థం చేసుకునే చర్య. మూడోది ఉన్న కట్టుబాట్లను ప్రశ్నించి వాటి నుంచి బయటపడే చర్య. కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని చేసిన ఈ విభజన బోధన మీద పరిశోధనకూ చక్కగా సరిపోతుంది.

ఒక ప్రాక్టికల్ తరగతిని తీసుకోండి. టీచరు ముందుగా చేసి చూపిస్తే విద్యార్థులు కత్తి పట్టుకునే తీరులో తప్పులు తగ్గుతాయా? ఇది మొదటి రకం ప్రశ్న, దీనికి కొలత కావాలి. వండినదాన్ని రుచి చూడనని మొండికేసిన విద్యార్థిని టీచరు ఎలా అర్థం చేసుకుంటారు? ఇది రెండో రకం, దీనికి వినే ఓపిక కావాలి. గిన్నెలు కడిగే పని ప్రతిసారీ ఆడపిల్లల వాటాకే ఎందుకు వస్తోంది, దాన్ని మార్చడానికి ఏం చేయవచ్చు? ఇది మూడో రకం. దీనికి ముందు కళ్లతో చూడాలి, తర్వాత ఆ టీచరుతో కలిసి పనిచేయాలి.

ఈ మూడింటికీ కలిపి ఒకే ప్రశ్నావళి పంపితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. మొదటిదానికి కొలతకు బదులు అభిప్రాయం వస్తుంది. రెండోదానికి మర్యాదైన సమాధానం వస్తుంది. మూడోదానికి ‘మా తరగతిలో అందరూ సమానమే’ అన్న గడిలో టిక్కు పడుతుంది. పద్ధతిని ముందే ఖాయం చేసుకుని ఆ తర్వాత ప్రశ్న వెతుక్కునేవారు చిక్కుకునేది ఇక్కడే.

ప్రశ్నావళి: లెక్క అడిగితే సరే

సర్వేకు సర్వే చేయగలిగిన పని ఉంది. ఒక ప్రాంతంలో ఎంతమంది ప్రత్యేక అర్హత లేకుండా ఈ పాఠం చెబుతున్నారు, ప్రయోగశాలలో పనిచేసే పొయ్యిలు ఎన్ని, వారానికి ఎన్ని పీరియడ్లు దక్కుతున్నాయి, సరుకుల ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఇలాంటి ప్రశ్నలకు దాన్ని మించిన సాధనం లేదు. విధానం మార్చమని అధికారుల ముందు కూర్చున్నప్పుడు అంకె చేతిలో ఉండాలి. స్వీడన్‌లో నిర్బంధ విద్య మొత్తంలో ఈ సబ్జెక్టుకు హామీగా ఉన్నది 118 గంటలు, అంటే అన్ని సబ్జెక్టుల్లోకీ తక్కువ. అక్కడి పరిశోధన వ్యాసాల్లో ఆ అంకె తరచూ కనిపిస్తుంది. పేజీల కొద్దీ ఆవేదన చెప్పలేనిది ఆ ఒక్క అంకె చెబుతుంది.

ఉపాధ్యాయుల వైఖరి, నమ్మకం, ఆత్మవిశ్వాసం లాంటివాటిని కొలవబోయినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. ముందు నమూనా సంగతి చూద్దాం. విద్యా పరిశోధనలో చాలామంది 1970లో క్రెజ్సీ, మోర్గన్ ఇచ్చిన పట్టికను వాడతారు. దాని ప్రకారం 1,000 మంది ఉన్న సమూహానికి 278 మంది చాలు. 200 మందికి 132 మంది కావాలి. 60 మందే ఉంటే 52 మంది కావాలి. సమూహం చిన్నదయ్యేకొద్దీ దాదాపు అందరినీ అడగవలసి వస్తుందన్నమాట. గృహ విజ్ఞాన ఉపాధ్యాయుల విషయంలో మనకు ఎదురయ్యేది చాలాసార్లు ఈ చివరి పరిస్థితే. అలాంటప్పుడు నమూనా అన్న మాటే వదిలేసి అందరికీ పంపండి. ఎంతమంది జవాబిచ్చారో దాచకుండా రాయండి. జవాబివ్వనివారిలో పనిభారం ఎక్కువగా ఉన్నవారే ఎక్కువ ఉండే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. పనిభారం గురించే మీ సర్వే అయితే ఆ ఖాళీ మీ ఫలితాన్నే తలకిందులు చేయవచ్చు.

రెండోది కొలబద్ద సంగతి. టీచర్ల సామర్థ్య విశ్వాసాన్ని, అంటే తాము బాగా బోధించగలమన్న నమ్మకాన్ని, కొలవడానికి 2001లో చానెన్‌మోరన్, వూల్‌ఫోక్ హోయ్ తయారుచేసిన కొలబద్ద బాగా వాడుకలో ఉంది. అందులో 24 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 9 మెట్లు ఉంటాయి. విద్యార్థులను పాఠంలో నిమగ్నం చేయడం, బోధనా వ్యూహాలు, తరగతి నిర్వహణ అన్న మూడు భాగాలను అది చూస్తుంది. కొలబద్ద మంచిదే. కానీ నాలుగు పొయ్యిలు ఒకేసారి వెలుగుతుండగా ఐదు గుంపులను గమనించుకోగలనన్న ధైర్యం గురించి అది ఏమీ అడగదు. కుటుంబ కలహమో అప్పో పాఠంలో చర్చకు వచ్చినప్పుడు, ఇంట్లో అదే నడుస్తున్న విద్యార్థి ముఖం చూసి మాట మార్చగల నేర్పు గురించీ అడగదు. అలాంటి ప్రశ్నలు మీరే చేర్చుకోవాలి. చేర్చాక ముందస్తు పరీక్ష తప్పదు. అక్కడ చాలామంది క్రోన్‌బాక్ ఆల్ఫా 0.70 దాటితే పని అయిపోయిందనుకుంటారు. 1951 నుంచి వాడుకలో ఉన్న ఆ గుణకం ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో మాత్రమే చెబుతుంది. అడగవలసినదాన్నే అడిగారా లేదా అన్నది చెప్పదు. ఒకే ప్రశ్నను పది రకాలుగా తిప్పి అడిగినా ఆల్ఫా బ్రహ్మాండంగా వస్తుంది.

తరగతిలో కూర్చుని చూడడం

నేను ఎక్కువగా సిఫార్సు చేసేది ఇదే. కారణం సూటిగా చెప్పవచ్చు. ఈ సబ్జెక్టులో బోధన సగం నోటితో, సగం చేతితో జరుగుతుంది. ఆ రెండో సగాన్ని ఉపాధ్యాయులు స్వయంగా కూడా వర్ణించలేరు. అడిగితే ‘మామూలుగానే చేయిస్తాను’ అంటారు. ఆ మామూలు ఏమిటో చూస్తే తప్ప తెలియదు.

చూడడానికి ఏ సాధనం తీసుకువెళ్తారన్నది కీలకం. ఉపాధ్యాయ శిక్షణలో చాలామంది నేర్చుకునే పద్ధతి నెడ్ ఫ్లాండర్స్‌ది. ప్రతి 3 సెకన్లకు ఒకసారి తరగతిలో జరుగుతున్నదాన్ని 10 వర్గాల్లో ఒకదానిలో గుర్తించాలి. అందులో 7 టీచరు మాటలకు, 2 విద్యార్థుల మాటలకు కేటాయించారు. పదో వర్గం నిశ్శబ్దం లేదా గందరగోళం. 40 నిమిషాల పీరియడుకు 800 గుర్తులు పడతాయి. ఉపన్యాసం, ప్రశ్నోత్తరాలు సాగే తరగతికి ఇది సరిపోతుంది. కుట్టుపని తరగతిలో దీన్ని వాడి చూడండి. వంకరగా పోతున్న కుట్టు దగ్గర టీచరు వేలు పెట్టి ఆపడం, మంట తగ్గించమని దూరం నుంచి సైగ చేయడం, ఒక విద్యార్థి పక్కవాడి చేతుల కదలిక చూసి తన పద్ధతి మార్చుకోవడం, ఇవన్నీ పదో వర్గంలోకి పోతాయి. ఆ రోజు జరిగిన అసలు బోధన మీ పట్టికలో ‘నిశ్శబ్దం లేదా గందరగోళం’గా నమోదవుతుంది. సాధనంలో లోపం లేదు, అది మాటల కోసం పుట్టింది. చేతిపనికి వేరే పరిశీలన పత్రం మీరే తయారుచేసుకోవాలి.

అందులో ఏముండాలి? మొదట, చేసి చూపించే ఘట్టం. టీచరు ఎంతసేపు చూపిస్తారు, ఏ అడుగు దగ్గర ఆగుతారు, తప్పు ఎలా జరుగుతుందో కూడా చూపిస్తారా లేక సరైన పద్ధతి మాత్రమే చూపిస్తారా? తర్వాత, గుంపుల మధ్య టీచరు తిరిగే దారి. గది పటం గీసుకుని ఎవరి దగ్గర ఎన్ని నిమిషాలు నిలబడ్డారో నమోదు చేస్తే ఆశ్చర్యపరిచే విషయాలు తేలతాయి. బాగా చేసే గుంపు దగ్గరికి టీచరు ఒక్కసారి కూడా వెళ్లకపోవచ్చు. పని పంపకం ఇంకోటి. కలిపేది ఎవరు, కొలిచేది ఎవరు, తుడిచేది ఎవరు, ఎవరు నిర్ణయించారు? బాలబాలికలకు పాఠ్యాంశం ఒకటే అయినంత మాత్రాన పని సమానంగా పంచుకున్నట్టు కాదు. ఇది పాఠ్యప్రణాళిక చదివితే కనిపించదు, సింకు దగ్గర నిలబడితే కనిపిస్తుంది.

చివరి పది నిమిషాలను ప్రత్యేకంగా గమనించండి. శుభ్రం చేయడం, సామాను సర్దడం, గంట కొట్టేలోగా మూల్యాంకనం, ఈ మూడూ ఒకదాని మీద ఒకటి పడే సమయమది. ఎందుకు ఇలా చేశాం, మళ్లీ చేస్తే ఏం మారుస్తాం అని విద్యార్థులతో ఆలోచింపజేయాల్సిన భాగం ఆ తొందరలోనే ఎగిరిపోతుంది. ప్రణాళికలో ‘చర్చ, 10 నిమిషాలు’ అని రాసి ఉంటుంది. గదిలో గిన్నెల చప్పుడు ఉంటుంది.

ఎన్ని తరగతులు చూడాలన్న దాని మీద నా అభిప్రాయం గట్టిది. పది బడుల్లో తలా ఒక పీరియడు చూడడం కంటే, ముగ్గురు నలుగురు ఉపాధ్యాయుల దగ్గర తలా ఒక పూర్తి యూనిట్ చూడడం మేలు. ప్రణాళిక, పాఠం, ప్రాక్టికల్, మూల్యాంకనం అన్నీ అందులో రావాలి. మొదటి ఒకటి రెండు సందర్శనల్లో అందరూ మీకోసం ప్రవర్తిస్తారు. ఆ నోట్సును అలవాటుపడే కాలంగా తీసుకోండి. వర్గీకరణ మీద ఆధారపడితే రెండో పరిశీలకుడు కనీసం కొన్ని తరగతులైనా విడిగా గుర్తించాలి. ఇద్దరి ఏకీభావాన్ని ఉత్త శాతంలో చెప్పకుండా, కాకతాళీయంగా కుదిరినదాన్ని తీసేసే కోహెన్ కప్పాతో చెప్పాలి.

వీడియో తీయాలా వద్దా? తీయగలిగితే తీయండి, కానీ దాన్ని నమ్ముకుని నోట్సు మానేయకండి. గది మూలలో పెట్టిన కెమెరాకు వీపులు కనిపిస్తాయి, చేతులు కనిపించవు. నీళ్ల ధార, పాత్రల మోత మాటలను మింగేస్తాయి. టీచరు దుస్తులకు తగిలించే చిన్న మైకు ఉంటే సగం సమస్య తీరుతుంది. వీడియో వల్ల మరో లాభం ఉంది. ఆ ముక్కను టీచరుకు చూపించి ‘ఆ క్షణంలో మీ మనసులో ఏముంది?’ అని అడగవచ్చు. 1953లోనే బెంజమిన్ బ్లూమ్ కళాశాల తరగతుల ఆడియో వినిపించి విద్యార్థుల ఆలోచనలను ఇలా రాబట్టారు. ఒకటి రెండు రోజుల్లోపు చూపించాలి. ఆలస్యమైతే టీచరు చెప్పేది జ్ఞాపకం కాదు, వివరణ.

ఈ పద్ధతికి తీసుకునే సమయం ఎక్కువ, అనుమతులు ఎక్కువ, గణాంకాల భాషలో సాధారణీకరణ కుదరదు. థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో (వైవాలో) ‘ముగ్గురితో ఏం తేలుతుంది?’ అన్న ప్రశ్న ఖాయంగా వస్తుంది. ఉపాధ్యాయులందరూ అలా చేస్తారని మీరు అనడం లేదు. ఈ పరిస్థితుల్లో ఈ బోధన ఇలా జరుగుతోంది, కారణం ఇది అంటున్నారు. ఆ తేడాను నిబ్బరంగా చెప్పగలిగితే చాలు.

ముఖాముఖి: సంఘటన అడగండి, అభిప్రాయం కాదు

ఉపాధ్యాయుల జీవితం, వృత్తిలో గుర్తింపు, ఎందుకు వచ్చారు, ఎందుకు వెళ్లిపోతున్నారు అన్న ప్రశ్నలకు ముఖాముఖే దారి. దీనిలో ఒక ప్రత్యేకమైన గుంట ఉంది. తక్కువ గౌరవం దక్కే సబ్జెక్టును ఏళ్ల తరబడి వెనకేసుకొచ్చిన వ్యక్తి దగ్గర ఒక ప్రసంగం సిద్ధంగా ఉంటుంది: ఈ సబ్జెక్టు జీవితానికి ఎంత ముఖ్యమో, ఎవరూ ఎందుకు గుర్తించరో. అది నిజమే కావచ్చు. అయితే అందరూ అదే ప్రసంగం ఇస్తే మీ దగ్గర పన్నెండు ప్రతులు ఉంటాయి, సమాచారం మాత్రం ఒక్కటే.

దాన్ని దాటడానికి మంచి ఉపాయం 1954లో జాన్ ఫ్లానగన్ వివరించిన కీలక సంఘటన పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధ కాలపు అమెరికా వైమానిక సిబ్బంది అధ్యయనాల్లోంచి వచ్చిందది. ‘మీ దృష్టిలో ప్రాక్టికల్ ప్రాముఖ్యం ఏమిటి?’ అని కాకుండా ‘ఈ మధ్య చెడిపోయిన ఒక ప్రాక్టికల్ గురించి చెప్పండి, ముందు ఏం జరిగింది, మీరేం చేశారు, తర్వాత ఏమైంది?’ అని అడగాలి. పాఠ్యప్రణాళిక, టైం టేబుల్, సరుకుల రసీదులు బల్ల మీద పెట్టించుకుని మాట్లాడండి. రసీదు చూస్తూ మాట్లాడే మనిషి ప్రసంగం ఇవ్వరు.

ఎంతమంది కావాలి? 2006లో గెస్ట్, బన్స్, జాన్సన్ 60 ముఖాముఖీలను విశ్లేషించి, మొదటి 12లోనే దాదాపు కొత్త విషయాలు ఆగిపోయాయని చూపారు. ఆ 12ను మంత్రంలా పట్టుకోవద్దు. వారు మాట్లాడినవారి మధ్య పోలికలు ఎక్కువ. మీ బృందంలో పట్టణ బడి, మారుమూల బడి, కొత్త టీచరు, రిటైరవబోయే టీచరు అందరూ ఉంటే ఎక్కువమంది కావాలి. గంట సంభాషణను అక్షరబద్ధం చేయడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పట్టడం మామూలు. ఈ లెక్క వేసుకోకుండా ఇరవై ఐదు మందిని ఒప్పించినవారు తర్వాత విశ్లేషణను హడావుడిగా ముగిస్తారు. విశ్లేషణకు ఎక్కువమంది 2006లో వర్జీనియా బ్రౌన్, విక్టోరియా క్లార్క్ ఇచ్చిన, సంభాషణల్లోంచి ఇతివృత్తాలను కూర్చే ఆరు దశల పద్ధతినే తీసుకుంటారు. తీసుకుంటే, ‘ఇతివృత్తాలు వాటంతట అవే బయటపడ్డాయి’ అని రాయకండి. అవి పరిశోధకులు నిర్మించినవేనని ఆ వ్యాసమే చెబుతుంది.

బృంద చర్చ గురించి ఒక్క మాట. బడికి ఒక్కరే ఉండే ఉపాధ్యాయులకు తమ సబ్జెక్టు వారితో కూర్చునే అవకాశమే అరుదు కాబట్టి సంతోషంగా వస్తారు. పెద్దవారు మాట్లాడితే చిన్నవారు తల ఊపుతారు, అది చూసుకోండి.

మార్పు తెచ్చి ఫలితం చూడడం

కొత్త బోధనా పద్ధతి పాత పద్ధతి కంటే మెరుగా అన్న ప్రశ్నకు నిబంధనల ప్రకారం ప్రయోగం కావాలి. ఇక్కడే ఆ ‘ఒక్కరే’ అన్న వాస్తవం అడ్డం పడుతుంది. ఒక బడిలో కొత్త పద్ధతి, ఇంకో బడిలో పాత పద్ధతి పెడితే టీచర్లూ వేరవుతారు. చివర్లో కనిపించిన తేడా పద్ధతి వల్లనా, టీచరు వల్లనా అని ఏ గణాంక పరీక్షా విడదీయలేదు. రెండు తరగతుల్లో 30 మంది చొప్పున ఉన్నంత మాత్రాన మీకు 60 మంది స్వతంత్ర నమూనా ఉన్నట్టూ కాదు. మీకున్నవి రెండు గుంపులు. ఈ విషయం పట్టించుకోకుండా, రెండు గుంపుల సగటులను పోల్చే టి-పరీక్ష వేసి ‘గణనీయమైన తేడా’ అని ప్రకటించే థీసిస్‌లను నేను నమ్మను.

మార్గం లేకపోలేదు. ఒకే టీచరు బోధించే రెండు సెక్షన్లు తీసుకోండి. మొదటి యూనిట్‌లో ఒక సెక్షనుకు కొత్త పద్ధతి, రెండో యూనిట్‌లో రెండో సెక్షనుకు కొత్త పద్ధతి. నైపుణ్యాన్ని కొలిచేవారికి ఏ సెక్షను ఏదో తెలియకూడదు. వెంటనే పెట్టే రాత పరీక్షతో సరిపెట్టుకోకుండా టర్ము గడిచాక మళ్లీ చూడండి. ఈ సబ్జెక్టు ఇచ్చే మాట ఇంట్లో నిలబెట్టుకోవలసినది కాబట్టి, పరీక్షలో మార్కు వచ్చి ఇంట్లో ఏమీ మారకపోతే దాన్నీ రాయాలి.

మీరే టీచరైతే ఇంత బిగువు అక్కర్లేదు. 1946లో కర్ట్ లెవిన్ ప్రతిపాదించిన క్రియాత్మక పరిశోధన మీకోసమే అనుకోండి: ప్రణాళిక, అమలు, పరిశీలన, మళ్లీ ప్రణాళిక. పని పంపకాన్ని వారం వారం మార్చి చూడడం, మార్కులను తయారైన వస్తువుకు కాకుండా చేసిన విధానానికి ఇచ్చి చూడడం లాంటి చిన్న మార్పులు దీనికి చక్కగా సరిపోతాయి. అయితే ఒక్క చక్రంతో ఆపేసి దానికి క్రియాత్మక పరిశోధన అని పేరు పెట్టడం తగదు. రెండో చక్రంలో ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదే దాని ప్రాణం.

పత్రాలు, సమీక్ష

తరగతి గదికి వెళ్లే వీలు లేనివారికి పత్రాలు ఉన్నాయి. ఈ సబ్జెక్టుకు చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది. 1899 నుంచి 1908 వరకు అమెరికాలోని లేక్ ప్లాసిడ్ పేరుతో జరిగిన గృహ విజ్ఞాన సమావేశాలు, 1909లో ఎలెన్ రిచర్డ్స్ తొలి అధ్యక్షురాలిగా ఏర్పడిన అమెరికన్ గృహ విజ్ఞాన సంఘం, 1908లో స్విట్జర్లాండ్‌లోని ఫ్రీబూర్‌లో పుట్టిన అంతర్జాతీయ గృహ విజ్ఞాన సమాఖ్య, 1994 నుంచి జపాన్ ఉన్నత పాఠశాలల్లో బాలురకూ తప్పనిసరి కావడం, ఒక్కొక్కటీ ఒక అధ్యాయానికి సరిపడే విషయం. ఆ అంతర్జాతీయ సమాఖ్య 2008లో ఇచ్చిన ప్రకటన ఈ రంగాన్ని నాలుగు కోణాల్లో చూస్తుంది: ఉన్నత విద్యలో ఒక అధ్యయన శాఖగా, రోజువారీ జీవన రంగంగా, పాఠ్యాంశంగా, విధానాలను ప్రభావితం చేసే సామాజిక రంగంగా. పాఠ్యప్రణాళికలను విశ్లేషించడానికి ఇది సిద్ధంగా ఉన్న చట్రం. పరిమితి ఒక్కటే. రాసిన ప్రణాళిక వేరు, చెప్పిన పాఠం వేరు. పత్రాలు చూసి తరగతి గురించి తీర్పు ఇవ్వకూడదు.

సమీక్ష రాసేవారికి రెండు సూచనలు. వెతికేటప్పుడు హోమ్ ఎకనామిక్స్ అన్న పేరుతో ఆగిపోకండి. హోమ్ సైన్స్, డొమెస్టిక్ సైన్స్, ఫ్యామిలీ అండ్ కన్స్యూమర్ సైన్సెస్, హ్యూమన్ ఎకాలజీ, ఫుడ్ ఎడ్యుకేషన్ అన్నీ వేసి చూడాలి, లేకపోతే సగం సాహిత్యం చేజారుతుంది. ఇక అనేక అధ్యయనాల అంకెలను కలిపి ఒకే ఫలితం తేల్చే మెటా విశ్లేషణ జోలికి వెళ్లవద్దు. అధ్యయనాలు మరీ చిన్నవి, మరీ భిన్నమైనవి. ఒక అంశం మీద ఏమేం పరిశోధన జరిగిందో, ఎక్కడ ఖాళీలున్నాయో పటం గీసినట్టు చూపే పరిధి సమీక్ష, 2005లో ఆర్క్సీ, ఓమ్యాలీ సూచించినది, ఈ రంగానికి నప్పుతుంది.

ఎవరికి ఏది

ఏడాదిలోపు ముగించాల్సిన పీజీ ప్రాజెక్టుకు ఎనిమిది నుంచి పన్నెండు మందితో సంఘటన ఆధారిత ముఖాముఖీలు చేయండి, లేదా ఒక పాఠ్యప్రణాళిక విశ్లేషణ తీసుకోండి. గైడు సర్వేనే కావాలంటే వైఖరుల జోలికి పోకుండా సౌకర్యాలు, గంటలు, అర్హతలు అడగండి. అలా చేస్తే చిన్న సర్వే కూడా ఎవరికైనా పనికొస్తుంది. పీహెచ్‌డీకి మూడు నాలుగేళ్లు చేతిలో ఉంటే పరిశీలన, వీడియో, దాని మీద ముఖాముఖి అన్న క్రమాన్ని మించినది నాకు కనిపించదు. ఉద్యోగంలో ఉన్న టీచరైతే తన సొంత తరగతిలో క్రియాత్మక పరిశోధన. పై అధికారిగానో శిక్షకులుగానో ఉన్నవారు మాత్రం తాము అంచనా వేసే ఉపాధ్యాయులనే ముఖాముఖి చేయకూడదు. ఎంత స్నేహంగా అడిగినా వచ్చేది జాగ్రత్త పడిన సమాధానమే. వారికి పత్రాలు, పేర్లు అడగని సర్వే మంచివి.

అంకెలూ మాటలూ రెండూ సేకరించే మిశ్రమ పద్ధతి అని సినాప్సిస్‌లో రాయడం ఇప్పుడు ఆనవాయితీ అయింది. ఒకదాని ఫలితం రెండోదాన్ని మార్చినప్పుడే దానికి అర్థముంది. సర్వేలో తేలిన విచిత్రమైన జవాబు వెంట పడి తరగతికి వెళ్లారా? అయితే అది మిశ్రమం. నాలుగో అధ్యాయంలో పట్టికలు, ఐదో అధ్యాయంలో ఉల్లేఖనలు పెట్టి రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోకపోతే, రెండు సగం పనులు చేసినట్టే.

ఏ పద్ధతి తీసుకున్నా పేరు దాచడాన్ని మొదటి రోజే ఆలోచించాలి. జిల్లా పేరు, బడి రకం, ‘ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్న టీచరు’ అన్న మూడు వివరాలు రాస్తే చాలు, ఆ సబ్జెక్టు వారందరికీ ఎవరో తెలిసిపోతుంది. మారుపేరు పెట్టడం ఇక్కడ రక్షణ కాదు. అనుభవాన్ని విశాలమైన వర్గాలుగా ఇవ్వండి. ప్రాంతం చెప్పకండి. అవసరమైతే ఇద్దరు టీచర్ల వివరాలను కలిపి, కలిపామని పాఠకులకు చెప్పండి. విద్యార్థుల ఇళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఈ సబ్జెక్టు హోంవర్కే ఇంటి ఆదాయం, తిండి, తగాదాల దాకా వెళ్తుంది. టీచరు చూడడానికి రాసిన ఆ నోటుపుస్తకాలు మీ సమాచారంగా మారాలంటే విద్యార్థి, తల్లిదండ్రులు ఇద్దరూ విడిగా ఒప్పుకోవాలి. అచ్చుకు పంపే ముందు టీచరుకు ఆమె గురించిన పేరాలు చూపించండి. తీసేయమంటే తీసేయాలి. కాబట్టి ఏ వాదననూ ఒక్కరి ఒక్క మాట మీద నిలబెట్టకుండా, రాతప్రతి దశలోనే దానికి రెండో ఆధారం చూసి పెట్టుకోండి.